కర్రోడి ఆఖరి పందెం

రాయచెర్లు దొడ్డన్న కంటికి ఎవరూ ఆనరు. పొలమంతా సోలార్ పలకల కిందికి పోయి, కౌలు ఇంటికే వచ్చిపడటం మొదలయ్యాక ఆయన చేతికి పని తగ్గింది, నోటికి పెరిగింది. పలకలు తుడిచేవాళ్లు దద్దమ్మలట, ఇంజనీర్లు ఎండ తగిలితే కమిలిపోయే సుకుమారులట. ఆయన మెచ్చే ప్రాణి ఒక్కటే, పందేల కోసం పెంచుకున్న నల్ల పొట్టేలు కర్రోడు. అదైనా గెలిచినంత కాలమే.

మనవరాలు సింధుశ్రీకి తొమ్మిదేళ్లు. సెలవుల్లో ఫోన్‌లో జపాన్ బొమ్మల సీరియల్ చూసేది. అందులో పిల్లలందరికీ తోడుగా తలా ఒక రాక్షస జంతువు ఉంటుంది. ఒకరోజు ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తుంటే దొడ్డన్న తొంగిచూశాడు.

"ఏమైందిమే?"

"గాయమున్నా ఈ పిల్లోడు వాని జంతువును కొట్లాటకు తోలినాడు తాతా. సచ్చిపోయింది. ఇప్పుడు పట్టుకోని ఏడుస్తాండాడు."

దొడ్డన్న పగలబడి నవ్వాడు. "బొమ్మ సచ్చేదేంది, దానికి ఇంకో బొమ్మ ఏడ్సేదేంది! పిల్లోల్లకు సావులు సూపిస్తారా, పనీపాటా లేని నాయాళ్లు!"

పనీపాటా గురించి మాట్లాడాల్సింది ఈయనే మరి.

ఆ వారమే కర్రోడు మేత మానేసింది. కొమ్ము మొదట్లో పగులు, చుట్టూ వాపు. సింధుశ్రీ శనక్కాయల పొట్టు నోటిదాకా తెచ్చినా మూతి తిప్పేసుకుంది.

"ఆదివారం పందేనికి వద్దు తాతా," అని బతిమాలింది.

"నిడుగల్లు గంగప్పకు మాటిచ్చినా. ఇప్పుడు రానంటే ముగం యాడ పెట్టుకునేది?"

వాపుకు పసుపు పట్టించాడు. పందెం పెద్దలు చూస్తే వెనక్కి పంపుతారని పగులు మీద నల్లరంగు పూశాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా.

నిడుగల్లులో రెండు ఢీలకు కర్రోడు నిలిచింది. మూడోదానికి రంగు మీదుగా రక్తం కారింది. అది వెనక్కి తిరిగి, అంతమంది జనంలో నేరుగా దొడ్డన్న దగ్గరికే వచ్చి మోకాలికి తల ఆనించింది. గంగప్ప మనుషులు ఈలలు వేశారు. దొడ్డన్నకు తల కొట్టేసినట్టయింది. మెడ పట్టి మళ్లీ ముందుకు తోశాడు. ఆయన తోశాడు కాబట్టి అది వెళ్లింది. నాలుగో ఢీకి పడి, మరి లేవలేదు.

సాయంత్రం ఉత్త తాడుతో ఇల్లు చేరాడు. మనవరాలు ఏడ్చి గగ్గోలు పెడుతుందని, కసరడానికి దారిలోనే రెండు మాటలు సిద్ధం చేసుకున్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. తాడు వంక చూసింది, తర్వాత ఆయన మొహం వంక.

"ఏడ్సినావా తాతా, దానికోసరం?"

"పొట్టేలుకు ఏడ్సేదేందిమే?"

"ఆ బొమ్మ పిల్లోడే నీకన్నా మేలు," అనేసి లోపలికి పోయింది.

ఊరందరినీ దొడ్డన్న చూసే చూపు అదే. అది తన మీద పడటం ఇదే మొదటిసారి.