మిల్ట్రీ జీపుల గురప్ప

ఆ రోజుల్లో చిత్తూరు చుట్టుపక్కల జీపు కావాలంటే గురప్ప షెడ్డుకు పోవాల్సిందే. కొత్త జీపు కొనే తాహతున్నవాడు మద్రాసుకో బెంగుళూరుకో పోయేవాడు, వాడి సంగతి మనకెందుకు. మామిడి తోటల్లోకి, చెరుకు గట్ల మీదికి, రాళ్ల దారుల్లోకి పోవాలనుకునే మామూలు మనుషులకు గురప్ప చేసిచ్చే పాత మిల్ట్రీ జీపే గతి.

పట్టాళం వాళ్లు వాడి వాడి పక్కన పడేసిన జీపులను మద్రాసు పక్కనున్న డిపోలో వేలం వేసేవారు. తెల్లచొక్కాల వ్యాపారులు టైర్లను తన్ని చూసి, రంగు చూసి, పాట పాడేవారు. గురప్ప మాత్రం తుండుగుడ్డ నేల మీద పరుచుకుని జీపు కిందికి వెల్లకిలా దూరేవాడు. కింద ఇనుము బాగుంటే చాలు, పైన ఏమున్నా లేకున్నా అతనికి లెక్కలేదు. మూడు పీనుగులను లారీకెక్కించి తెచ్చి, ఒకదాని ఛాసిస్ మీద ఇంకొకదాని ఇంజను పెట్టి, మూడోదాని గేరుపెట్టె తగిలించి, ఒక ప్రాణమున్న బండిని లేపేవాడు. "గురప్ప జీపు ఒక తల్లి బిడ్డ కాదప్పో" అని ఊళ్లో ఎకసెక్కాలాడేవారు. అతనూ నవ్వేవాడు.

రంగు గీకేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు. పచ్చరంగు కింద మట్టిరంగు, దాని కింద ఎప్పటి యుద్ధానిదో తెల్ల నక్షత్రం బయటపడేది. ఒక్కోసారి తలుపు పక్క రేకులో సీసం పోసి పూడ్చిన బెజ్జం కనిపించేది. తుపాకి గుండు దూరిన బెజ్జమని చూడగానే తెలుస్తుంది. అందులో కూర్చున్నవాడు ఏమయ్యాడో చెప్పే నాథుడు లేడు. గురప్ప ఆ చోటును బొటనవేలితో ఒకసారి తడిమి, పైన కొత్త రంగు పూసేవాడు. కొనేవాళ్లకు చెప్పేవాడు కాదు.

మొదట్లో ఒక రెడ్డి వచ్చి జీపు చుట్టూ పదిసార్లు తిరిగి, "అన్నీ బాగుండాయి గానీ బ్రేకులు పడతాయా గురప్పా?" అని నసిగాడు. గురప్పకు ఒళ్లు మండింది. ఇంట్లో పప్పు రుబ్బుతున్న పెండ్లాన్ని పిలుచుకొచ్చి, చేతులు కూడా కడుక్కోనీకుండా ముందు సీట్లో కూర్చోబెట్టి, మొగిలి ఘాటు కొండదారిలో కిందికి దించి చూపించాడు. ఆ పొద్దునుంచి అదే ఆనవాయితీ అయిపోయింది. గురప్ప ఎవరికీ హామీ కాగితం రాసిచ్చేవాడు కాదు, పెండ్లాన్ని మొదటి ట్రిప్పులో కూర్చోబెట్టేవాడు. కొనేవాళ్లు కూడా వరదమ్మ ఎక్కితేగానీ తాళాలు తీసుకునేవారు కాదు.

"నేనేమన్నా నీ జీపుకు స్పేరు చక్రాన్నా?" అని వరదమ్మ మూతి తిప్పేది. తిప్పుతూనే మంచి చీర కట్టుకునేది. మొగుడి పనితనం మీద ఆమెకున్న గర్వం అంతా ఇంతా కాదు. ఆమెకూ ఒక పట్టింపు ఉండేది. కొన్నవాళ్ల దేవర గుడి దగ్గర పూజ చేయించాక, పగిలిన టెంకాయలో ఒక చిప్ప ఆ బండిలోనే, బండి కొన్నవాళ్ల గడప దాకా పోవాలి. సంచుల్లో కుక్కకూడదు. ఎప్పుడూ తన ఒళ్లోనే పెట్టుకుని తీసుకుపోయేది.

డెబ్బై ఏడులో, మామిడికాయల కాలంలో, బంగారుపాళ్యం కాయల వ్యాపారి మునిరామయ్య ఒక జీపు చేయించుకున్నాడు. గురప్ప చేసినవాటిలోకెల్లా మంచి బండి అది. స్వామి పటం పెట్టుకోవడానికి అద్దం కింద అడ్డంగా ఒక రేకు పలక కావాలని మునిరామయ్య అడిగితే, గురప్ప దాన్నీ ముచ్చటగా వేసిచ్చాడు.

మునిరామయ్య దేవర గుడి ఘాటుకు పైన, పలమనేరు పక్కన. పూజ అయింది. తిరుగుదారిలో స్టీరింగు మునిరామయ్య తమ్ముడు జయరామ్ పట్టుకున్నాడు. పక్కన వరదమ్మ. బడికి సెలవులు కావడంతో ఆ పొద్దు కూతురు పంకజ కూడా వస్తానని ఏడ్చి ఏడ్చి వచ్చింది. ఎనిమిదేండ్ల పిల్ల తల్లి ఒళ్లో కూర్చుంది. ఒళ్లో చోటు లేక, వరదమ్మ టెంకాయ చిప్పను ఎదురుగా ఉన్న రేకు పలక మీద, స్వామి పటం పక్కన పెట్టింది. వెనక సీటులోంచి గురప్ప అది చూశాడు. చూసి, మునిరామయ్యకు ఇంజను గొప్పలు చెప్పడంలో పడిపోయాడు.

ఘాటులో రెండో మలుపు దగ్గర జయరామ్ అరిచాడు.

"అన్నా, బ్రేకు పడలేదన్నా! తొక్కినా పడలేదు!"

జీపు గోడరాళ్లను గుద్దుకుని లోయలోకి పల్టీ కొట్టింది. వెనకున్న ఇద్దరూ చెట్లలోకి విసిరిపడి చీరుకుపోయిన ఒంటితో బయటపడ్డారు. వరదమ్మ కాలు విరిగింది. జయరామ్ స్టీరింగు మీదే పోయాడు. పంకజను గురప్ప తన చేతులతో బండి కింద నుంచి లాగాడు. అప్పటికే ఆ పిల్లలో ఏమీ లేదు.

మరునాడు పొద్దున బిడ్డను పూడ్చిపెట్టి, ఆ మట్టిచేతులతోనే గురప్ప ఘాటుకు పోయాడు. మోటారు ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నానికి వస్తాడని, అందాకా బండిని ఎవరూ తాకకూడదని చెప్పి ఒక కానిస్టేబులును కాపలా పెట్టారు. అతను చెట్టునీడన బీడీ తాగుతున్నాడు.

"నేను సేసిన బండి సామీ. ఒక్కసారి సూసుకుంటా" అన్నాడు గురప్ప.

కానిస్టేబులు అతని మొహం చూసి కాదనలేకపోయాడు.

పల్టీ కొట్టి మళ్లీ చక్రాల మీదే పడిన జీపు కిందికి గురప్ప ఎప్పటిలాగే వెల్లకిలా దూరాడు. పైపులు చితకలేదు. నట్లు బిగువుగా ఉన్నాయి. బ్రేకు ఆయిలు నిండుగా ఉంది. అతనికి ఏమీ పాలుపోలేదు. బయటికొచ్చి పెడలును చేత్తో నొక్కాడు. సగం దిగి ఠక్కున ఆగింది. వంగి చూస్తే, పెడలుకూ కింది రేకుకూ నడుమ టెంకాయ చిప్ప ఇరుక్కుని ఉంది. కుంకుమ ఇంకా చెదరలేదు. దాన్ని పీకి మళ్లీ నొక్కితే పెడలు చక్కగా దిగింది, బ్రేకు గట్టిగా పట్టింది.

ముందు అతనికి సంతోషం వేసింది. తప్పు తన పనిలో లేదు! బిడ్డను పూడ్చిన రోజున అలా సంతోషం వేసినందుకు ఆ మనిషి బతికినన్నాళ్లూ తనను తాను అసహ్యించుకున్నాడు. మరు నిమిషానికి ఆ చిప్పను పలక మీద ఎవరు పెట్టారో గుర్తొచ్చింది. ఆస్పత్రిలో కట్లతో పడుకుని, పాప యాడుందని అడుగుతున్న మనిషి గుర్తొచ్చింది.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వస్తాడు. బ్రేకులు బాగున్నాయంటాడు. మరి బ్రేకు ఎందుకు పడలేదని అడుగుతాడు. ముందు సీట్లో కూర్చుని బతికింది ఒక్క వరదమ్మే, ఆమెనే అడుగుతారు. ఆ పలక మీద ఏముండేదమ్మా అంటారు. ఆమె చెబుతుంది. చెబుతూ చెబుతూనే ఆమెకు అర్థమవుతుంది. అర్థమయ్యాక వరదమ్మ బతకదు. ఈ సంగతి గురప్పకు తన పేరు తెలిసినంత బాగా తెలుసు.

చిప్పను చొక్కాలో దోపుకున్నాడు. జేబులోంచి స్పానరు తీసి, తాను బిగించిన బ్రేకు పైపు నట్టును తానే వదులు చేశాడు. ఆయిలు బొట్లు బొట్లుగా కారి మట్టిలో ఇంకిపోయింది. ఇంకే దాకా అక్కడే ఉన్నాడు. పోతూ పోతూ చిప్పను లోయలో ముళ్లపొదల్లోకి విసిరేశాడు.

బ్రేకు నట్టు బిగించకపోవడం వల్లే ప్రమాదమని ఇన్‌స్పెక్టరు రాసుకుపోయాడు. బండి నడిపినవాడు పోయాడు, బండి చేసినవాడి బిడ్డ పోయింది, ఇంకెవరి మీద కేసు పెడతామని పోలీసులూ చేతులు దులుపుకున్నారు. ఊరు మాత్రం దులుపుకోలేదు.

మునిరామయ్యకు అయినా నమ్మకం కుదరలేదు. తమ్ముడి కర్మ అయ్యాక గుండు గీయించుకున్న తలతో గురప్ప ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చున్నాడు.

"గురప్పా, పెండ్లాన్నీ బిడ్డనూ ఎక్కించుకునేవోడు నట్టు బిగించకుండా ఎక్కించుకుంటాడా? నా మనసు ఒప్పలేదబ్బా. కాణిపాకం పోదాం రా. మునిగి, తడిబట్టల్తో స్వామి ముందర నిలబడి, బిగించినానని ఒక్క మాట సెప్పు. ఇన్‌స్పెక్టరు రాసింది నేను సింపేస్తా. ఊరి నోరు నేను మూయిస్తా."

చిత్తూరు సీమలో ఆ ప్రమాణానికి మించిన కోర్టు లేదు. దొంగలు కూడా కాణిపాకం పేరెత్తితే నిజం ఒప్పేసుకుంటారు. గురప్ప చెప్పాల్సింది నిజమే. ఒక్క మునక వేసి ఆ నిజం చెబితే అతని పేరు అతనికి దక్కేది, షెడ్డు దక్కేది. కానీ నట్టు బిగువుగా ఉంటే మరి బ్రేకు ఎందుకు పడలేదని మునిరామయ్య అడగకుండా ఉంటాడా?

"నేను రాలేనన్నా" అన్నాడు గురప్ప.

"ఏం?"

"రాలేను. అంతే."

మునిరామయ్య లేచి, అరుగు కింద ఉమ్మేసి పోయాడు. లోపల మంచం మీద వరదమ్మ అంతా వింది.

"నా బిడ్డను నువ్వే తిన్నావు" అంది. అరవలేదు, మామూలుగానే అంది. ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడ్డం మానేసింది.

షెడ్డు మూతపడింది. గురప్ప చేతి జీపు అంటే జనం దారి తప్పుకునే రోజులొచ్చాయి. సగం చేసిన రెండు జీపులు ఎండకూ వానకూ తుప్పుపట్టి పోతుంటే, వాటిని తూకానికి అమ్మేశాడు. దొరస్వామి అనే ఆయన లారీ షెడ్డులో కూలికి చేరాడు. అక్కడ అతనికి చక్రాలు విప్పే పని, గ్రీజు పూసే పని మాత్రమే ఇచ్చేవారు. బ్రేకుల దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఇంట్లో వరదమ్మ కుంటుకుంటూ వండి, కంచం ముందు పెట్టి పక్కకు తిరిగేది. అతను దించిన తల ఎత్తకుండా తినేవాడు. ఆమె అలా ద్వేషిస్తూనైనా బతికి ఉంది కదా అనుకునేవాడు. దాంతోనే సరిపెట్టుకున్నాడు.

ఎనభై రెండులో ఆయుధపూజకు దొరస్వామి పనివాళ్ల ఆడవాళ్లనందరినీ పసుపు కుంకుమలకు పిలిచాడు. వరదమ్మా పోయింది. పూజయ్యాక పూజారి ఒక టెంకాయ చిప్పను లారీలో స్టీరింగు ముందర పెట్టబోతే, డ్రైవరు ప్రేమానందం చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడ వద్దు సామీ. దొర్లి బ్రేకు కింద ఇరుక్కుంటే అందురుమూ పోతాం."

వరదమ్మ చేతిలోని కుంకుమ పొట్లం జారిపోయింది. ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుంది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు, మరునాడూ వెలిగించలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలకదు. మూడో పొద్దున గురప్ప పనికి పోబోతుంటే ఎన్నో ఏండ్ల తర్వాత నోరు విప్పింది.

"ఏమయ్యా. ఆ పొద్దు పాప నా ఒళ్లో కూసోనుంది గదా. టెంకాయ సిప్ప యాడ పెట్టినా నేను?"

గురప్ప మొహం కదలనీయలేదు.

"సిప్పా? అది పాప సేతిలోనే ఉండె. కొరుక్కుంటా ఉండె."

"పలక మీద పెట్టినట్టుండాది నాకు."

"లేదు మే. ఎనక కూసోని సూస్తానే ఉంటి గదా. బ్రేకు నట్టు బిగించలేదు నేను. మరిసిపోయినా."

ఆమె అతని కళ్లలోకి చూసింది. "అట్లయితే కాణిపాకంలో సెప్పు. మునిరామయ్య పిలిస్తే పోలేదే నువ్వు. ఇప్పుడు నాకోసరం సెప్పు."

నిజం చెప్పడానికి పోని చోటికి అబద్ధం చెప్పడానికి పోవాల్సి వచ్చింది. గురప్ప దేవుడంటే భయం లేనివాడు కాదు. కాణిపాకంలో దొంగప్రమాణం చేసినవాళ్ల ఇళ్లు ఏమయ్యాయో చిన్నప్పటినుంచి విన్నవాడే. అయినా ఆమెతో బస్సెక్కాడు. మునిగి, తడిపంచె కాళ్లకు చుట్టుకుంటుంటే స్వామి ముందు నిలబడ్డాడు. వరదమ్మ పక్కనే నిలబడి అతని మొహమే చూస్తోంది.

"బ్రేకు నట్టు నేను బిగించలేదు. నా బిడ్డ సావుకు నేనే కారణం. ఇది సత్యం."

వరదమ్మ నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "నేను సంపలేదు. నా పాపను నేను సంపలేదు" అని మళ్లీ మళ్లీ అంది. అతని వైపు మాత్రం తిరిగి చూడలేదు.

తిరుగు బస్సులో ఆమె ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. ఎక్కిన కాసేపటికే కిటికీకి తల ఆన్చి నిద్రపోయింది. అన్ని పొద్దుల తర్వాత వచ్చిన నిద్ర అది. గురప్ప వెనక నిలబడి కడ్డీ పట్టుకున్నాడు. స్వామి శిక్ష వేస్తే తన నుంచి తీసుకుపోవడానికి ఏం మిగిలి ఉందని లెక్క చూసుకున్నాడు. షెడ్డు లేదు, పేరు లేదు, పంకజ లేదు. ముందు సీట్లోని ఆ మనిషి ఒక్కతే మిగిలింది. నాకే వెయ్యి సామీ, నాకే వెయ్యి అని గొణుక్కుంటూ, ఆమె వీపు ఊపిరికి లేచి పడుతోందా లేదా అని దారి పొడుగునా చూస్తూనే ఉన్నాడు.

చిత్తూరు బస్టాండులో అందరూ దిగిపోయారు.

"ఆయమ్మను లేపప్పా. బండి షెడ్డుకు పోవాల" అన్నాడు కండక్టరు.

"ఇంకొంచేపు ఉండబ్బా. ఊపిరాడతా ఉండాది. పండుకోనీ" అన్నాడు గురప్ప.