పాత సర్వర్ మీద ఎవరన్న ఉన్నరా?

ఈ మధ్యాహ్నం మూడు గంటలకు మా పత్రిక పాత మెయిల్ సర్వర్‌ను తీసేశారు. సుబేదారి ఆఫీసులో ఉన్న మేమంతా కొత్త సర్వర్‌కు మారాం. మండల విలేకరులు ఇంకా మారలేదు. అందరూ మారేదాకా రెండూ కలిసి నడవాలన్నది ముందే అనుకున్న మాట.

తొర్రూరు విలేకరి యాకయ్య నాలుగింటికి ఒక వార్త పంపాడు. ఒక దుకాణంలో కొన్న పత్తి విత్తనాలు చాలామంది రైతుల చేలల్లో మొలవలేదు, అదే సరుకు ఇంకా అమ్ముతున్నారు. ఆ వార్త మాకు చేరలేదు. జిల్లా పేజీ ప్రెస్సుకు వెళ్లాక యాకయ్యే ఫోన్ చేశాడు.

"అన్నా, నా వార్త మొదటి పేజీలనా, లోపలనా?"

ఏ పేజీలోనూ లేదని చెప్పి, సర్వర్లు చూసే ఉద్యోగి దగ్గరికి వెళ్లాను.

"పాత సర్వర్ మీద ఎవరన్న ఉన్నరా అని మెయిల్ పెట్టిన సార్. ఒక్కరు జవాబియ్యలే. ఎవ్వరు లేరనుకొని తీసేసిన," అన్నాడు.

"ఎవరెవరికి పెట్టినవ్?"

"కొత్త సర్వర్ మీద ఉన్నోళ్లందరికీ."

ఆఫీసులో నేను గొంతు పెంచడం అరుదు. ఇవాళ పెంచాను. మారిపోయినవాళ్లనే అడిగి, మారనివాళ్లు ఎవరూ లేరని తేల్చారు. మీ ఆఫీసుల్లోనూ అందరినీ అడగడమంటే ఇంతేనా? చెప్పండి.

రేపు ఉదయం పది గంటలకు పాత సర్వర్‌ను మళ్లీ పెడతారట. ఆ సంగతి మండల విలేకరులకు మెయిల్‌లోనే తెలియజేశారు. తొర్రూరులో ఆ విత్తనాల దుకాణం మాత్రం ఎనిమిదింటికే తెరుస్తారు.