కొట్టింది కల్లు కాదు

మా మాటల డాక్టరమ్మ పోయారు. శుక్రవారం పొద్దున అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఒలుస్తుంటే దవాఖాన నర్సు ఫోన్ చేసి చెప్పింది. ఎందరో మగవాళ్ళు పిడికిలి బిగించి మీదికి వచ్చినా కదలని మనిషి, తన వంటింట్లో టీ పెట్టుకుంటూ గుండె ఆగి కూలిపోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మా ఇంట్లో పని ఇంకా మిగిలే ఉంది కదా, అప్పుడే ఎట్లా పోతారు అనిపించింది.

ఆ పేరు పెట్టింది మా అత్త. సిద్దిపేటలో మందు, కల్లు మాన్పించే చోట ఆ డాక్టరమ్మ కౌన్సెలర్. "గోలీ ఇయ్యదు, సూది ఇయ్యదు, కూసోబెట్టి మాట్లాడుతది. గిదేం డాక్టరమ్మ, మాటల డాక్టరమ్మ" అని మా అత్త వెక్కిరించింది. ఆ వెక్కిరింపు ఆమె చెవిదాకా పోయింది. ఆమె పకపకా నవ్వి, "పేరు మంచిగనే పెట్టింది. గోలీలైతే ఎవలైనా మింగుతరు, మాట మింగుడే కష్టం" అన్నారు.

మా ఆయన నేతపని చేస్తాడు. చిన్నతనంలోనే భివండి పోయి మరమగ్గాల మీద పనిచేసి, తిరిగొచ్చి ఇక్కడ మగ్గం పెట్టుకున్నాడు. పొద్దుగూకితే కల్లు అమ్మే కంపౌండ్‌కే పోయేవాడు. అది చెట్టు కల్లు కాదు, మత్తుమందు కలిపిన కల్లు. తాగితే కొట్టేవాడు, దొరక్కపోతే ఇంకా కొట్టేవాడు. నా ముందు పన్ను అప్పుడే ఊడింది, ఎడమచేతి చిటికెనవేలు ఇప్పటికీ వంగదు. తెల్లారి మా అత్త దెబ్బల మీద పసుపు రాస్తూ, "కొట్టింది నా కొడుకు కాదు బిడ్డా, వాని కడుపుల కల్లు" అనేది. నేనూ నమ్మాను. నమ్మితేనే ఆ ఇంట్లో ముద్ద దిగేది.

కల్లు ఒక్కసారిగా ఆపేసరికి ఆయనకు ఫిట్స్ వచ్చాయి. గోడల మీద పాములు పాకుతున్నాయని అరుస్తూ దవాఖానలో నర్సు చెయ్యి రక్తం వచ్చేట్టు కొరికాడు. నలుగురు మీదపడి పట్టుకుని మంచానికి కట్టేశారు. డాక్టర్ల మందులతో ఒళ్ళు నెమ్మదించాక, ఇక మాటల డాక్టరమ్మ దగ్గరికి వస్తూ ఉండమన్నారు. "మనిషి మంచిగైనంక ఇగ మాటలెందుకు?" అని మా అత్త ఆయన్ని కొమురవెల్లి తీసుకుపోయింది. మల్లన్న బండారి, అదే స్వామి పసుపు, చేతిలో పోయించి, కల్లు తాగనని ఒట్టు పెట్టించింది. ఆ ఒట్టు ఆయన తప్పలేదు. ఉన్నమాట చెప్పాలి కదా.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, కూరలో ఉప్పు ఎక్కువైందని మగ్గం మీది నాడె తీసి విసిరాడు. నాడె అంటే తేలిక వస్తువు కాదు. నేతలో పోగును అటూ ఇటూ తీసుకుపోయే గట్టి కట్టె, రెండు కొసలకూ ఇనుప మొనలు. నా కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారింది. కింద పడ్డాక జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు. అంత దగ్గరగా ఉన్నా నోట్లోంచి కల్లు వాసన రాలేదు. దెబ్బలకన్నా అదే నన్ను భయపెట్టింది. "మల్లన్న మీద ఒట్టు పెట్టుకున్నవు గదా" అన్నాను.

"కల్లు తాగనని పెట్టుకున్న. కొట్టనని పెట్టుకోలే" అన్నాడు, మళ్ళీ కంచం ముందు కూర్చుంటూ.

కుట్లు వేయించుకుని నేరుగా డాక్టరమ్మ మేడం గదికి పోయాను. "తాగిండా?" అని అడిగారు. లేదన్నాను. "ఇగ ఆయనకు కల్లు ఎనుక దాగేటందుకు జాగ లేదు. అసలు పని ఇప్పుడు మొదలైతది. గని నువ్వు ముందు మిరుదొడ్డి బస్సెక్కి మీ అవ్వోళ్ళింటికి పో" అన్నారు. మళ్ళీ ఎప్పుడు రావాలి మేడం అంటే, "రావాల్నా వద్దా అని అడుగు ముందుగాల. ఆయన బాగుపడుడు ఆయన పని, నువ్వు బతుకుడు నీ పని. రెండు ఒక్కతాన కలుపకు" అన్నారు. పెళ్ళయినప్పటినుంచి నాతో అట్లా మాట్లాడినవాళ్ళు లేరు. ఆ రోజు బస్సులో నాకు బాగా ఆకలైంది.

ఆ గదిలో ఆమెకు కొన్ని పట్టింపులు. మనిషి లోపలికి రాకముందే చేతి గాజులు తీసి సొరుగులో పెట్టేవారు. నీళ్ళకు స్టీలు గ్లాసే, పగిలేదేదీ ఎవరి చేతికీ దొరకొద్దని. తలుపు దగ్గరి కుర్చీలో తను కూర్చునేవారు కాదు, ఆడవాళ్ళ మొగుళ్ళను కూర్చోనిచ్చేవారు కాదు. "గా కుర్చీ దెబ్బలు తిన్నోళ్ళది" అనేవారు. కొన్నాళ్ళకు నన్ను విడిగా అడిగి, నేను సరేనన్నాకే ఇద్దరినీ కలిపి పిలిచారు. నేను తలుపు దగ్గర కూర్చున్నాను.

"తమ్మీ, ఆ రోజు నువ్వు తాగలే. మరి కొట్టిందెవరు?" అన్నారు. మా ఆయన ముందు కూర అన్నాడు. తర్వాత నా నోరు అన్నాడు. ఆ తర్వాత గ్రహచారం అన్నాడు. ఆమె గొంతు పెంచకుండా మళ్ళీ అదే అడిగారు. ఆయన లేచి కుర్చీ ఎత్తి ఆమె మీదికి విసిరాడు. ఆమె అడ్డం పెట్టిన ముంజేయి విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండో కుర్చీకి ఆయన చెయ్యి పోతుండగా నేను తలుపు తీసుకుని అరుస్తూ బయటికి ఉరికాను.

వార్డువాళ్ళు వచ్చేసరికి ఆయన ఆమె కాళ్ళ మీద పడి ఏడుస్తున్నాడు. ఆమె ముఖం పాలిపోయింది, విరిగిన చెయ్యి ఒళ్ళో ఉంది. "నా కాళ్ళెందుకు పట్టుకుంటవ్? పోలీసోళ్ళకు చెప్తున్న, కేసు కేసే. బయటికొచ్చినంక మళ్ళ రా. నేనడిగినదానికి నువ్వింక చెప్పలే" అన్నారు.

కేసు నడిచింది, కొన్నాళ్ళు లోపల ఉన్నాడు. బయటికి వచ్చాక ఆ గదికే పోయాడు. ఈసారి వార్డు మనిషి ఒకడు పక్కనే కూర్చునేవాడు. పోగు తెగిందని భివండిలో సేటు మనుషులు తనను బెల్టుతో కొట్టడం, ఇంట్లో నాయిన అవ్వను మగ్గం గుంటలోకి తోసి తన్నడం, ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అవి విని మేడం కళ్ళు తుడుచుకున్నారట. తుడుచుకుని, "అది కారణం తమ్మీ, మాఫీ కాదు" అన్నారట. చాలాకాలానికి నా ముందే ఆయన నోరు విప్పాడు. "కల్లు కాదు, నేనే కొట్టిన. కొడితే నాకు నిమ్మళమైతుండె" అన్నాడు. నాడె తగిలినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

ఆ తర్వాతే మిరుదొడ్డి నుంచి వచ్చాను. మళ్ళీ చెయ్యి లేస్తే ఉండనని చెప్పే వచ్చాను. ఇంతవరకు లేవలేదు. రేపటి సంగతి నేను చెప్పలేను, మేడం కూడా ఎన్నడూ చెప్పలేదు. కల్లు మానిన పుణ్యం డాక్టర్లూ మల్లన్నా పంచుకోనీ. మా ఇంట్లో నిజం పలికించినందుకు మాత్రం నేను ఆమెకే మొక్కుతాను.

ఆమెను సాగనంపడానికి ఆ గదిలో కూర్చున్నవాళ్ళు హుస్నాబాద్ నుంచి కూడా వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిలబడిన మగవాళ్ళు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు. మేము స్నానాలు చేసి ఇంటికి చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. నేను లోపలికి పోయాను. ఆయన గడప అవతలే ఆగాడు. దవడ బిగిసి ఉంది.

"ఇయ్యాల నా మీద నాకు నమ్మకం లేదు. గొళ్ళెం పెట్టుకో" అన్నాడు.

వాకిట్లో ఉన్న మా అత్త మండిపడింది. "నీ ఇంట్లకు నువ్వు పోకుండ గొళ్ళెమేందిరా? ఎవలు నేర్పిన్రు గిది?" ఆయన పోయి అరుగు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

నేను గొళ్ళెం పెట్టాను. జాలేసి తీద్దామా అనిపించింది, తీయలేదు. కిటికీలోంచి చూస్తే ఆయన భుజాలు ఏడుపుకు ఎగిరెగిరి పడుతున్నాయి. చేతులు మాత్రం తొడల కింద అట్లాగే ఉన్నాయి.