అడిగితే చెప్పేవాడట

మొన్న మా అల్లుడు ఆన్‌లైన్‌లో మడత చాకు ఒకటి తెప్పించి, "చూడండి మావయ్యా, ఒంటి చేత్తో తెరుచుకుంటుంది," అంటూ నా మొహం ముందు టిక్కుమనిపించాడు. తెరుచుకోవడం ఏం గొప్ప? మొరటు పనికి తీసుకెళ్లే చాకుకి మూసుకోకుండా ఉండటం రావాలి. ఈ ముక్క నాకు చెప్పాల్సిన మనిషి చెప్పలేదు. పోయినవాళ్లని తిట్టకూడదంటారు. నేను తిడతాను.

ఆయన మా మామగారు. ఆగిరిపల్లి చుట్టుపక్కల మామిడి అంట్లు కట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. పెళ్లయిన కొత్తలో నన్ను పనిలో పెట్టుకున్నాడు గానీ, ఒక కిటుకు చెప్పాలంటే ఎకరం రాసిచ్చినంత బాధపడేవాడు. ఆయన చాకు చూడ్డానికి చెత్త. కానీ బ్లేడు అటూ ఇటూ ఊగదు, తడిచేతిలో పిడి జారదు. రోజూ పొద్దున్నే దాన్ని తెరిచి, వేళ్లు పక్కకి పెట్టుకుని, బ్లేడు వెనకవైపుతో చెట్టు మొదలు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. ముసలి చాదస్తం అనుకుని చాటుగా నవ్వుకునేవాణ్ణి.

నేను నూజివీడు బజార్లో ఒకటి కొనుక్కున్నాను. తెరిచాక బ్లేడు మూసుకోకుండా పట్టే లాక్ ఉన్నదే, తళతళలాడేది, పైన పటారం లోన లొటారం. ఆ వానాకాలమంతా మామిడి సొన దాని కీల్లోకి దిగి గట్టిపడింది. తెరవాలంటే గోళ్లు ఊడేవి. ఇంత బిగుతుగా ఉందంటే లాక్ బాగా పడుతోందని మురిసిపోయాను. నిజానికి బ్లేడుని పట్టుకున్నది లాక్ కాదు, సొన. ఒకరోజు అంటు కట్టాల్సిన నాటుమొక్క కాండం చీల్చడానికి కొన గుచ్చి నొక్కితే, చాకు నా చూపుడువేలి మీదే మూసుకుంది.

రక్తం కారుతుంటే మామగారు వచ్చి ముందు చాకు తీసి చూశాడు, తర్వాత వేలు.

"కీల్లో సొన పేరుకుంది. లాక్ పడట్లేదు. నేను రోజూ కొట్టి చూసేది అందుకే," అన్నాడు తాపీగా.

"మరి చెప్పలేదేంటండీ?"

"అడిగితే చెప్పేవాణ్ణి."

వేలు అతుక్కుంది గానీ చివర స్పర్శ పోయింది. అంటుపుల్ల తొక్కా నాటుమొక్క తొక్కా సరిగ్గా కలిశాయో లేదో చెప్పాల్సింది ఆ వేలే. నేను కట్టిన అంట్లు వరసగా ఎండిపోయాయి. ఆయన నన్ను మొక్కలకి నీళ్లు పెట్టే పనిలోకి మార్చేశాడు. అంత కసి నాకు ఇంకెవరి మీదా లేదు.

ఇప్పుడు అంట్లు కట్టేది మా అల్లుడు. నేను ఎండుకొమ్మలు కోయడానికే చాకు పడతాను, అదీ రోజూ పొద్దున్నే కొట్టి చూసుకుని. అతని కొత్త చాకు తీసుకుని అలాగే చెట్టుకి కొట్టాను. రెండో దెబ్బకే టపీమని మూసుకుంది. అల్లుడి మొహం మాడిపోయింది.

"ఇన్నేళ్లుగా మీరు కొట్టడం చూస్తూనే ఉన్నాను. ఎందుకో ఒక్కసారైనా చెప్పారా మావయ్యా?"

"అడిగితే చెప్పేవాణ్ణి," అన్నాను.

అనేశాక నా మీద నాకే ఒళ్లు మండింది. చూపుడువేలు అతని చేతిలో పెట్టి, "గిల్లి చూడు, నాకు తెలియదు," అని మొదట్నుంచీ చెప్పుకొచ్చాను. కాలం ఆ వేలికి ప్రాణం తేలేదు గానీ, మామగారి నోరు మాత్రం తెచ్చి నాకు పెట్టింది.