ఆదివారం బెంచీ

మూసేసిన పిచ్చాసుపత్రి చూడటానికి ఆదివారం పాడుచేసుకుంటావా అని ఆఫీసులో నవ్వారు. అప్పుడు సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ మంచి జోరు మీదుంది. మావాళ్ళకి సెలవంటే నిద్ర. నేను బయల్దేరింది సరోజ ఆంటీ కోసం. యూ టీ అనే పేటలో ఆవిడ ఫ్లాట్‌లోనే ఓ గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ తమ్ముడు భాస్కర్ అంకుల్ కుర్రతనంలో ఆ ఆసుపత్రిలో చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. అది మూతపడ్డాక ఆంటీ ఇంటికి తెచ్చుకుంది. అయినా ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయన సంచీ సర్దుకుని అక్కడికే బయల్దేరేవాడు. ఆ సంచీని ఎవరినీ ముట్టుకోనివ్వడు.

"గేటుకి తాళం చూస్తే మనసు మళ్ళుద్దేమో. అక్కడ మొండికేస్తే నా ఒక్కదానివల్ల కాదు, నువ్వూ రా బాబూ," అంది ఆంటీ.

తొమ్మిదింటికి కింద, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో పరోటా, కాఫీ తీసుకున్నాం. ఇక్కడ కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మనదే, ఇంకెవరూ కూర్చోరు. దాన్నే చోప్ చేయడం అంటారు. అంకుల్ ముందే వెళ్ళి ఆంటీ కుర్చీలో ప్యాకెట్ పెట్టాడు. పెట్టి, పక్కనే నిలబడి కాపలా కూడా కాశాడు. నాకు నవ్వొచ్చింది.

రైలు క్రాంజీ వైపు సాగుతుంటే కిటికీ నిండా తడిసిన పచ్చదనం. వుడ్‌లాండ్స్‌లో దిగి బస్సెక్కాం. ఎక్కడికని ఒక మలయ్ పెద్దాయన అడిగితే, ఇంటికని అంకుల్ మలయ్‌లోనే చెప్పాడు. ఆంటీ ముఖం వాడిపోయింది.

బస్సు దిగాక చెట్ల మధ్య మిట్ట ఎక్కాలి. వెళ్ళాలనుకునేవారు దోమల మందు రాసుకోండి, గేటు దాటి పోనివ్వరని కూడా గుర్తుంచుకోండి. లోపల నాచు పట్టిన తెల్లటి భవనం, గాలికి మెల్లగా కదిలే కిటికీ రెక్కలు, చెట్ల సందుల్లో మలేషియా జొహోర్ వైపు సముద్రం. భయం వేయలేదు. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్న ఇల్లులా ఉంది. నాకైతే అక్కడే కూర్చుండిపోవాలనిపించింది.

అంకుల్ తాళం వంక చూడనేలేదు. కంచెలోంచి, చెట్టు కింద ఉన్న సిమెంటు బెంచీని నాకు చూపించాడు. ఆదివారం ఆంటీ చూడటానికొస్తే కూర్చునేది అక్కడేనట. ఉన్నది అదొక్కటే బెంచీ కావడంతో, టిఫిన్ అవగానే వెళ్ళి టిష్యూ పెట్టేవాడట. కానీ లోపలివాళ్ళు ఆ టిష్యూ తీసి ముక్కు తుడుచుకుని దర్జాగా కూర్చునేవారట. అందుకని అక్క వచ్చేదాకా పక్కనే నిలబడేవాడట. హాకర్ సెంటర్లో కాపలా ఎందుకో నాకప్పుడు అర్థమైంది.

"ఎవరూ లేరు కదరా, ఇక ఇంటికి పోదాం," అంది ఆంటీ.

"ఎవరూ లేరనే కదక్కా నేను వస్తానంటున్నా. సండే నువ్వొస్తావ్. నేను లేకపోతే నీకు బెంచీ ఎవరు చోప్ చేస్తారు?"

ఆంటీ గేటు పట్టుకుని ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ ఆసుపత్రి మీద బెంగనుకుంది పాపం.

"నేనిక ఇక్కడికి రాన్రా. సండే కూడా ఇంట్లోనే ఉంటా, నీ దగ్గరే," అంది కళ్ళు తుడుచుకుని.

ఆయన భుజాన సంచీ సర్దుకుని మిట్ట దిగడం మొదలుపెట్టాడు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. సింగపూర్‌లో ఎన్నో చూశాను గానీ, నిద్రపోతున్నట్టున్న ఆ భవనం, ఆ ఒంటరి బెంచీ ఇప్పటికీ కళ్ళముందే ఉంటాయి. ముందుగా ఎక్కిన అంకుల్ ఖాళీగా ఉన్న ఒకే ఒక్క సీటు మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి పక్కన నిలబడ్డాడు. ఎవరో గొణిగినా కదల్లేదు. ఆంటీ వచ్చి కూర్చున్నాక, భుజానికున్న సంచీ తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.