రంగు తర్వాత చెప్పొచ్చు

అమీర్‌పేటలో హాస్టళ్ల సందులో నాకు చిన్న చున్నీల కొట్టు ఉండేది. యూసుఫ్‌గూడలో ఒక అక్క తన డాబా మీద వాటికి రంగులద్ది ఇచ్చేది. ఆ డాబా ఎక్కితే నేల మీద ఉన్నట్టే అనిపించేది కాదు నాకు. తీగల మీద తడి చున్నీలు గాలి నింపుకుని మెల్లగా లేచేవి. వాటి చాటు నుంచి అక్క గొంతొక్కటే వినబడేది.

మొదటి ఏడు ఏప్రిల్‌లోనే వంద చున్నీలు చెప్పాను, అన్నీ వంగపండు రంగు. జూన్‌లో కోర్సులకొచ్చిన అమ్మాయిలందరూ లేత పసుపు అడిగారు. మిగిలినవి వెనక్కి తీసుకోమని వెళ్తే అక్క తన చేతులు చూపించింది. మోచేతుల దాకా ఊదా రంగే.

"అద్దిన రంగు ఎట్ల తీస్త చెల్లె? నువ్వు చెప్పిందే చేసిన గదా."

నిజమే. కానీ జూన్‌లో ఎవరి మనసు ఎటు పోతుందో ఏప్రిల్‌లో నాకెలా తెలుస్తుంది? ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. చివరికి అక్కే అంది:

"అప్పటిదాంక తెల్లగనే ఉంచితే?"

క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాం. ముందుగా ఎన్ని కావాలో చెబితే చాలు. రంగు, అద్దడానికి వారం ముందు చెప్పొచ్చు. వందకి పాతిక వరకు నేను తగ్గించుకోవచ్చు, అంతకు మించి కుదరదు. పాతిక ఎక్కువ అడిగితే అక్క కాదనకూడదు.

కొన్నేళ్లు హాయిగా గడిచాయి. తర్వాత ఒక ఏడు క్లాసులన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాయి. హాస్టల్ బాల్కనీల్లో ఆరేసిన బట్టలు కూడా లేవు. సందంతా ఎవరో కన్న కలలా ఉండేది.

"అమ్మాయిలే లేరక్కా. డెబ్బై అయిదు కూడా నావల్ల కాదు."

"బట్ట తెచ్చి పెట్టిన గదా. మాటంటే మాటే," అంది. నా మొహం చూసి కాగితం తీసింది. "అద్దడానికి వారం ముందని ఉన్నది గని, అద్దేది ఎప్పుడో గిండ్ల రాయలే. నువ్వు చెప్పేదాంక ఆగుతా. ఫికర్ చెయ్యకు."

అలా ఆ బట్ట నెలల తరబడి తెల్లగానే ఉండిపోయింది.

డిసెంబరులో పంజాగుట్ట నుంచి ఒకావిడ కొట్టుకొచ్చారు. మూడు చర్చిల ఆడపిల్లలు కలిసి క్రిస్మస్ పాటలు పాడతారట. "అందరికీ ఒకేలా తెల్ల చున్నీలు దొరుకుతాయాండీ?" అన్నారు. డెబ్బై అడిగారు. వెంటనే అక్కకి ఫోన్ చేశాను.

"అయితే నాకు పనే లేకపాయె!" అని ఆమె నవ్విన నవ్వు ఇంకా నా చెవిలో ఉంది.

పాటల రోజు ఇద్దరం చర్చిలో వెనక వరుసలో నిలబడ్డాం. పిల్లలు గొంతెత్తగానే తెల్లటి వరుసలన్నీ ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు కదిలాయి. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అక్క నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది:

"గా మూడో లైన్ల పిల్ల చున్నీ జర ముడత పడ్డది, చూసినవా? ఇస్త్రీ నేనే సరిగ్గ చెయ్యలే."