కుట్టు మామయ్య కొలతలు

వీధి మొదట్లో బట్టలు కుట్టే మామయ్యకి పోయినేడాది పక్షవాతం వచ్చింది. చెయ్యి తిరిగొచ్చింది గానీ మాటలే అలిగి కూర్చున్నాయి. మనిషికి అన్నీ తెలుసు, పేరే నోటికి అందదు. నడుం ముప్ఫై రెండుంటే పదకొండంటాడు. అందుకే పొడవాటి కాగితం పట్టీ పట్టుకుని, ఎక్కడెంతో అక్కడ కత్తెరతో గాటు పెట్టుకుంటాడు. పక్కన గుండీలు కుట్టే అత్తయ్య, మాట అందించకూడదని ఆయన పెట్టిన షరతు కోసం, దారం పళ్ల మధ్య బిగించుకుంటుంది. ఆ నోటికి అదెంత కష్టమో వీధంతటికీ తెలుసు!

మొన్న ఒకమ్మాయి ఉద్యోగం ఇంటర్వ్యూకని కోటు గుడ్డ తెచ్చింది. కొలుస్తూ ఆయన అలవాటుగా "పదకొండు" అనేశాడు.

"నా నడుమా? మీ నోట చక్కెర పొయ్యా!" అని నవ్వింది. అంతలోనే భయమేసి గుడ్డ చుట్టేసింది. "ఏమనుకోకండి మామయ్యా, పాడైతే ఇంకోటి కొనలేను."

ఆయన కోప్పడలేదు. ఆమె భుజం వైపు వేలు చూపించాడు.

"ఎడ... ఎడ..."

"చెయ్యా? మెడా?" అందామె. ఆగమని అరచెయ్యి ఎత్తాడు. నుదురు చెమర్చింది. అత్తయ్య సూది ఆగిపోయింది.

"ఎడమ... భుజం... కిందికుంది."

ఆమె తెల్లబోయింది. "చిన్నప్పుడు విరిగిందండీ. ఇన్నేళ్లలో ఏ టైలరూ కనిపెట్టలేదు!"

చుట్టిన గుడ్డ తనే బల్లమీద పరిచింది. "ఎప్పటికిస్తారు మామయ్యా?" అనడిగి, జవాబు కోసం స్టూలు లాక్కుని తీరిగ్గా కూర్చుంది.